సామాన్ల పుస్తకంలో గాసి

మా ఆసుపత్రి స్టోర్‌లో ప్రతి వస్తువుకీ ఒక నంబరుంది. మంచాలకుంది, సెలైన్ స్టాండ్లకుంది, బెడ్‌పాన్లకుంది, తలుపు సరిగ్గా పడని పాత బీరువాకి కూడా ఉంది. ఆ నంబర్లన్నీ వేసింది నేనే. నా పేరు ఫ్లోరెన్స్. అరకు లోయలో మిషన్ వాళ్లు నడిపే ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు స్టోర్ కీపర్‌గా చేశాను. నా నోటికి జడిసి వార్డుల వాళ్లు దూది కూడా పొదుపుగా వాడేవారని నా వీడ్కోలు సభలో ఒకాయన మెచ్చుకున్నాడు. అది మెచ్చుకోలో కాదో నాకింకా తెలియదు.

నా సామాన్ల పుస్తకంలో సి-41 అనే నంబరు కింద ఒక మనిషి ఉన్నాడు. కాళ్లూ చేతులూ, ఆకలీ, పెళ్లామూ అన్నీ ఉన్న మనిషే. పేరు గాసి. అతను ఆ పుస్తకంలోకి ఎలా వచ్చాడో, తరవాత అందులోంచి బయటికి తీయబోతే ఏమైందో చెబుతాను.

1992 వానాకాలం. అప్పుడు మాది పెంకుల ఆసుపత్రి, నలభై మంచాలు. మలేరియా ముదిరిన రోజులు. రోగుల్ని కొండల మీదినుంచి డోలీలో మోసుకొచ్చేవారు. డోలీ అంటే మరేం లేదు, కర్రకి కట్టిన దుప్పటి. వరండా నిండేది, వరండా ముందు అరుగు నిండేది, బంధువులు గంజి కాచుకునే వంటపాక నిండేది. అంతమందిలోంచి కావలసిన రోగిని పిలవడమే పెద్ద పని. ఎందుకంటే మా కొండల్లో చాలామందికి పుట్టిన వారమే పేరు. బుధవారం పుడితే బుధు, శుక్రవారం పుడితే సుక్రు. వారానికున్నవి ఏడు రోజులే. మా ఓపీకి వచ్చేది రోజుకి రెండొందల మంది.

నర్సు గుమ్మంలో నిలబడి "బుధు" అని పిలిచేది. నలుగురు లేచేవారు. ముందు అందినవాణ్ణి లోపలికి తీసుకుపోయేది. అలా ఒకరోజు జ్వరంతో స్పృహ తప్పిన బుధుకి ఎక్కాల్సిన సెలైను చెయ్యి విరిగిన బుధుకి ఎక్కించారు.  చెయ్యి విరిగితే చదువుకున్నవాళ్లు ఇలాగే చేస్తారు కాబోలని అతను బుద్ధిగా పడుకున్నాడు. స్పృహ తప్పిన బుధుని మోసుకొచ్చింది అతని అన్న గాసి. తమ్ముడు ఇంకా వరండాలోనే ఎందుకున్నాడో తెలుసుకుందామని లోపలికి వచ్చి, మంచం మీద మనిషిని చూసి, నర్సుతో నెమ్మదిగా అన్నాడు.

"ఈడు మా బుధు కాడమ్మా. ఈడు వాగవతల సొంబ్ర కొడుకు. ఈడికి జొరం నేదు, సెయ్యి ఇరిగింది."

అంతటితో ఆగకుండా బయటికెళ్లి వరండాలో ఉన్న బుధులనీ సుక్రులనీ ఊరు, వాగు, తండ్రి పేరు చెప్పి పది నిమిషాల్లో ఎవరు వెళ్లాల్సిన గది గుమ్మం ముందు వాళ్లని కూచోబెట్టాడు. అది చూసిన డాక్టర్ సరళ గారు, అప్పట్లో ఆసుపత్రికి ఆవిడే పెద్ద, "తమ్ముడికి తగ్గేదాకా ఎలాగూ ఉంటావు కదా, పిలుపులు నువ్వే పిలు" అన్నారు. తమ్ముడు ఎనిమిది రోజుల్లో తేరుకుని కొండెక్కి వెళ్లిపోయాడు. గాసి మాత్రం పద్నాలుగేళ్లు రోజు కూలి మీద ఉండిపోయాడు.

అతని పని పేరు మా రికార్డుల్లో మెసెంజర్. చేసే పని పిలవడం. పిలవడం అంటే అరవడమని మీరనుకుంటే, తరవాత వచ్చిన మా కొత్త అడ్మినిస్ట్రేటర్ గారూ అలాగే అనుకున్నారు, మీరిద్దరూ ఒకటే. గాసి ముందు ఊరి పేరు పిలుస్తాడు. ఆ ఊరివాళ్లంతా చెవులు ఇటు తిప్పాక, ఇల్లు వాగుకి ఇవతలో అవతలో చెబుతాడు. తరవాత తండ్రి పేరు. ఆఖర్న మనిషి పేరు. ఒడియా కొండభాషలో ఒకసారి, కువి భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఆపరేషనుకి కోడలి వేలిముద్ర కావాలంటే ముందు వంటపాకలో ఉన్న అత్తగారికి చెబుతాడు. అత్తగారికి చెప్పకుండా కోడల్ని పిలిస్తే కోడలు రాదు. ఇదేదీ ఎవరూ అతనికి నేర్పలేదు. మేం అడగనూ లేదు.

కొండ మీద అతనికి కాస్త పోడు భూమి ఉండేది. ఇక్కడ పనికి కుదిరాక దాన్ని తమ్ముడికి వదిలేశాడు. తమ్ముడు కాఫీ మొక్కలు వేసుకున్నాడు. గాసి, అతని పెళ్లాం ఆసుపత్రి వెనక రేకుల గదిలో ఉండేవారు. పర్మనెంట్ చేయమని ఎప్పుడడిగినా కొత్త బిల్డింగ్ వచ్చాక చూద్దాం అనేవారు. ఇక్కడ పని పోతే అతనికి వెళ్లడానికి మరో చోటు లేదు. ఇది నాకు తెలుసు, ఆఫీసులో అందరికీ తెలుసు.

2006లో కొత్త బిల్డింగ్ వచ్చింది. ఇటుకల్లో కాదు, కంప్యూటర్లో.

అప్పటికి సరళ గారు రిటైరై వెళ్లిపోయారు. అడ్మినిస్ట్రేటర్‌గా రాబిన్ గారు వచ్చారు. ఎంబీఏ చదివినాయన. మేం భోజనానికి వెళ్లినా దాన్ని ప్రాసెస్ అనేవారు. విదేశీ దాతలు నూరు పడకల భవనానికి ఒప్పుకున్నారు, కానీ డిజైను కొత్త పద్ధతిలో ఉండాలన్నారు. ఆ పద్ధతి పేరు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. హైదరాబాదు నుంచి జగదీష్ గారనే కన్సల్టెంటు ప్రొజెక్టరుతో వచ్చి భోజనాల హాల్లో మా అందరికీ దాన్ని చూపించారు.

నిజం చెప్పాలంటే బాగుంది. మామూలు ప్లానులో గోడంటే రెండు గీతలు. ఇందులో గోడకి తను గోడనని తెలుసు. తలుపుకి తన వెడల్పు తెలుసు, తనని తయారుచేసింది ఎవరో తెలుసు, ఎప్పుడు రంగు వేయాలో తెలుసు. పైపుకి వైరు అడ్డొస్తే కంప్యూటరే పట్టేసి చెబుతుంది. ప్రతి మంచం తలవైపు నర్సుని పిలిచే మీట, వార్డు వార్డుకీ స్పీకరు, గది గదికీ ఇంటర్‌కామ్, ఓపీలో రోగి పేరు మెరిసే బోర్డు, వీటన్నిటికీ వైర్లు గోడల్లోంచి ఎలా వెళ్తాయో రంగుల్లో కనబడుతున్నాయి. తెర మీది వరండాలో తెల్లగా, పొడుగ్గా ఉన్న ఆడవాళ్లు హ్యాండ్‌బ్యాగులు తగిలించుకుని షికారు చేస్తున్నారు. డోలీ ఒక్కటీ లేదు. చదువు రానివాళ్లు ఆ బోర్డు మీద పేరు ఎలా చదువుకుంటారని నేనడిగితే, "అది అవేర్‌నెస్ ద్వారా వస్తుంది మేడమ్" అన్నారు జగదీష్ గారు. ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

ఆఖరి బొమ్మ మీద పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంది: మెసెంజర్ల అవసరం సున్నా. రాబిన్ గారు చప్పట్లు కొట్టారు, కనక అందరం కొట్టాం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ గాసి కూడా కొట్టాడు. అతనికి చదువు రాదు.

సభ అయ్యాక స్టోరుకి వచ్చాడు.

"బొమ్మ బాగున్నాదమ్మా. అందర్నీ ఏసినారు. అందులో నాను ఎక్కడున్నాను?"

"ఇంకా వెయ్యలేదేమో గాసీ" అన్నాను. అబద్ధాలు చెప్పడం నాకు అంత తేలిగ్గా వస్తుందని అంతవరకు నాకు తెలియదు.

వారం తరవాత భాను అనే అమ్మాయి వచ్చింది. విశాఖపట్నం పిల్ల, ఇంజనీరింగ్ అయి రెండేళ్లు. జగదీష్ గారి దగ్గర ఉద్యోగం. లాప్‌టాపు, అంతకంటే బరువైన బ్యాగు. ఆసుపత్రిలో ఎవరు ఎవర్ని ఎందుకు పిలుస్తారో లెక్క రాసుకుని, ఆ పిలుపుల్ని మోడల్లో పెట్టడం ఆమె పని. నర్సులనడిగింది, డాక్టర్లనడిగింది. అందరూ ఒకటే చెప్పారు. "గాసికి చెబుతాం, గాసి చూసుకుంటాడు." దాంతో ఆ పిల్ల గాసి వెనక పడింది. "గాసి గారూ" అని పిలిచింది. పద్నాలుగేళ్లలో అతన్ని గారు అన్నవాళ్లు లేరు. మొదటిసారి పిలిచినప్పుడు అతను పక్కకి జరిగి, వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని చూశాడు.

మూడు రోజులు అతని వెంట తిరిగింది. పాతబడ్డ చర్చి స్పీకరు ఒకటి తెచ్చి ఓపీ గుమ్మం మీద కట్టించి, పరీక్ష చేద్దామని తనే మైకులో చక్కగా పలికింది. "బుధు గారు నాలుగో గదికి రావలెను." తొమ్మిది మంది బుధులు వచ్చారు. ఒక్కొక్కరి వెనక ఇద్దరు ముగ్గురు బంధువులు వచ్చారు. నాలుగో గది పదడుగుల గది. దంతవైద్యుడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

భాను నవ్వలేదు. నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

"చనిపోయిన సంగతి ఎలా చెబుతారు గాసి గారూ? అది కూడా పిలుపే కదా" అని అడిగింది మూడోరోజు.

"అది పిలవకూడదమ్మా. నాను ఎల్లి ఆల్ల పక్కన కూకుంటాను. సుట్ట అడుగుతాను. సుట్ట అయిపోయేలోగా ఆల్లకే తెలిసిపోద్ది."

ఆమె చుట్ట అని రాసుకుని, కింద గీత గీసుకుంది.

నెల తరవాత భాను మళ్లీ వచ్చింది, ఈసారి నేరుగా నా స్టోరుకి. లాప్‌టాపు తెరిచి చూపించింది. మోడల్లో ప్రతి పిలుపూ ఒక గీత. ఎవరి దగ్గర మొదలై ఎవరికి చేరాలో చెప్పాలి. చేర్చే పరికరం ఉంటే గీత పచ్చగా మారుతుంది, లేకపోతే ఎర్రగా ఉండిపోతుంది. మీటలు, స్పీకర్లు, ఇంటర్‌కామ్‌లు, బోర్డులు కలిపి నలభై రకాల పరికరాలు పెట్టినా ఇంకా ముప్పై ఏడు ఎర్రగీతలు మిగిలాయి. తొమ్మిది మంది బుధుల్లో ఒకణ్ణి పిలిచే గీత ఎరుపు. అత్తగారికి చెప్పి కోడల్ని రప్పించే గీత ఎరుపు. డోలీవాళ్లని ఉండమనాలో వెళ్లిపొమ్మనాలో చెప్పే గీత ఎరుపు. చుట్ట గీత ఎరుపు.

"ఎర్రగీత ఒక్కటున్నా సబ్మిట్ కాదు మేడమ్. మెసెంజర్ పోస్టు ఉంచమని చెప్పాను. రాబిన్ గారు ఒప్పుకోలేదు. స్టాఫ్ విషయం మీది కాదు, పరికరాలే మీవి అన్నారు. మా సార్ సోమవారంలోగా కావాలంటున్నారు."

"మరేం చేస్తావు?"

"పరికరమే పెడతాను" అంది.

పెట్టింది. నా ఎదురుగానే పెట్టింది. సంచార స్వర సమాచార పరికరం, నంబరు సి-41, సంఖ్య ఒకటి. పరిధి రెండు వందల మీటర్లు. భాషలు మూడు. నిశ్శబ్ద పద్ధతి ఉంది. నిర్వహణకి రోజూ రెండు పూటలా భోజనం, టీ, నెలకి ఇంత అని మొత్తం, ఏడాదికి రెండు జతల బట్టలు. బొమ్మ కావాలంటే ఒక చిన్న నీలం డబ్బా పెట్టి వరండాలో నిలబెట్టింది. మీట నొక్కగానే ముప్పై ఏడు గీతలూ పచ్చబడ్డాయి.

"ఎవరైనా చదివితే?" అన్నాను.

"లిస్టు నూటెనభై పేజీలు మేడమ్. ఎవరూ చదవరు. చదివినా, ఒకసారి ఆమోదం పడ్డ వస్తువుని తీసెయ్యడం ఎవరి వల్లా కాదు."

ఆ పిల్ల అన్నట్టే అయింది. జగదీష్ గారు సంతకం పెట్టారు. దాతలు సంతకం పెట్టారు. మా కమిటీలో అయిదుగురు పెట్టారు. పద్నాలుగేళ్లు ఒక మనిషిని మంజూరు చేయలేకపోయిన కమిటీ, ఒక నీలం డబ్బాని పావుగంటలో, బిస్కెట్లు తింటూ మంజూరు చేసింది.

ఏడాదిన్నరలో భవనం లేచింది. అప్పగింత రోజున కాంట్రాక్టరు మనిషి జాబితా పట్టుకుని నాకు పరికరాలు ఒక్కొక్కటే అప్పజెబుతున్నాడు. సి-39 సరే, సి-40 సరే. సి-41 దగ్గర ఆగి చెమట తుడుచుకున్నాడు. ఊరూరా వెతికాడట, ఎవరూ తయారుచెయ్యడం లేదట. నేను గాసిని పిలిచి కౌంటరు ముందు నిలబెట్టి, "ఇదిగో, వచ్చింది" అని రాసుకున్నాను. కాంట్రాక్టరు మనిషి గాసిని నాలుగైదుసార్లు చూసి, ఏమీ అడక్కుండా సంతకం చేసి వెళ్లిపోయాడు. వస్తువు దొరికితే చాలు అతనికి.

సంగతి తెలిసి రాబిన్ గారు నా మీద ఎగిరారు. ఇది మోసం, తీసెయ్యండి అన్నారు. అలాగే తీసేద్దామండి, కాకపోతే మోడల్ మార్చాలి, మళ్లీ దాతలకి పంపాలి, వాళ్లు ఒప్పుకునేదాకా ప్రారంభోత్సవం ఆపాలి అన్నాను. ప్రారంభోత్సవానికి బిషప్ గారు వస్తున్నారు, కార్డులు అచ్చయ్యాయి. రాబిన్ గారు కుర్చీలో కూచుని మంచినీళ్లు తాగారు. గాసి ఉండిపోయాడు.

ఉండిపోయాడన్న సంతోషం నాకు ఆరు నెలలుంది. తరవాత ఒక్కొక్కటే తెలిసొచ్చింది. పరికరానికి సెలవుండదు. ఏప్రిల్లో కొండ ఊళ్లు చేసుకునే వేట పండగ, ఇటుకల పండక్కి గాసి కొండెక్కి నాలుగు రోజులు పోతే, మరమ్మతుల పుస్తకంలో నేనే రాయాల్సి వచ్చింది: సి-41 పనిచేయుట లేదు, కారణం పండుగ. మూడు నెలలకోసారి కమ్యూనికేషన్ పరికరాలు చూడ్డానికి ఒక మెకానిక్ వచ్చేవాడు. స్పీకర్లు తట్టి, ఇంటర్‌కామ్ ఎత్తి, చివరికి గాసి దగ్గరికి వచ్చి "బాగున్నావా" అనడిగి, "పనిచేయుచున్నది" దగ్గర టిక్కు పెట్టేవాడు. క్రిస్మస్‌కి స్టాఫ్‌కి కేకు పంచితే గాసి పేరు లిస్టులో లేదు. ఫిజికల్ వెరిఫికేషన్‌కి వచ్చిన ఆడిటరు వస్తువు మీద నంబరు కనబడాలన్నాడు. గాసి నవ్వుతూ చొక్కా జేబు చూపించాడు. ఆ జేబు మీద తెల్ల పెయింటుతో సి-41 అని రాసింది నేను.  ఆ రాత్రి అన్నం సయించలేదు.

స్పీకర్ల సంగతి అడుగుతారేమో. బాగానే పనిచేశాయి. ఉదయం ప్రార్థన, సాయంత్రం ప్రార్థన, రాబిన్ గారి సూచనలు అన్నీ స్పష్టంగా వినబడేవి. మంచం తలవైపు మీటల్ని మాత్రం ఎవరూ నొక్కలేదు. మావాళ్లకి మంచం మీద నిద్ర పట్టదు, రోగిని కింద చాప మీద పడుకోబెట్టుకుని, మంచం మీద మూటలు పెట్టుకునేవారు. అప్పుడప్పుడు మూట దొర్లి మీట మీద పడి, నర్సు పరిగెత్తుకొచ్చేది.

గాసి మాత్రం వరండాలో పిలుస్తూనే ఉన్నాడు. అతనికి దిగులున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. దిగులంతా నాదే. దేవుడు మనిషిని తన రూపంలో చేశాడని ప్రతి ఆదివారం వింటాను, సోమవారం వెళ్లి ఆ రూపానికి నంబరు వేస్తాను. ఇది భరించలేక ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. రాబిన్ గారికి రాశాను, కమిటీకి రాశాను, చివరికి దాతలకి కూడా రాశాను. సి-41 అనేది మనిషి, అతన్ని స్టాఫ్‌లోకి తీసుకోండి అని. ఏడాది పాటు రాశాను. దాతలకి సిగ్గేసినట్టుంది. 2009లో రాబిన్ గారికి గట్టిగానే ఏదో వచ్చింది. సదరు వ్యక్తిని క్రమబద్ధీకరించడానికి వయసు నిర్ధారణ బోర్డు వేశారు. ఆ రోజు నేను చర్చికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించాను.

బోర్డులో ముగ్గురు: ఎముకల డాక్టరు, పళ్ల డాక్టరు, రాబిన్ గారు. గాసిని ఎప్పుడు పుట్టావన్నారు. గురువారమో ఏదో అన్నాడు. ఏ ఏడాదని అడిగారు. తెలియదన్నాడు. ఎముకల ఫొటో తీశారు, అటూ ఇటూ అయిదారేళ్ల తేడా ఉండొచ్చన్నారు. అలాంటి తేడాతో ఫైలు నడవదు. చిన్నప్పటిదేదైనా గుర్తుంటే చెప్పమన్నారు.

"కొండల్లో రైలు లైను ఏసినప్పుడు కంట్రాటరు కాడ మట్టి తట్ట మోసినానండి. అప్పుడు నాకు పాలపళ్లు ఊడతన్నాయి."

పళ్ల డాక్టరు వెంటనే అందుకున్నాడు. లైను వేసింది అరవై మూడులో, పాలపళ్లు ఊడటమంటే ఏడెనిమిదేళ్లు, అంటే ఇప్పుడు యాభై నాలుగు, రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది. లెక్క అక్కడితో ముగిసి ఉంటే నేను ఈ కథ చెప్పకపోదును. రాబిన్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని పనిలో పెట్టుకోకూడదు కదా, పెట్టుకున్నారని మన ఫైల్లో ఎలా రాస్తాం, రేపు దాతలు బాలకార్మికుల గురించి అడిగితే ఏం చెబుతాం అన్నారు. పనిచేశాడు కనక పద్దెనిమిది నిండి ఉండాలి. అది అరవై మూడులో కనక పుట్టింది నలభై అయిదులో. కనక ఇప్పుడు అరవై నాలుగు. పళ్ల డాక్టరు ఏదో అనబోయి, తన కాంట్రాక్టు మార్చితో అయిపోతుందని గుర్తొచ్చి, సంతకం పెట్టాడు.

ఆర్డరు వచ్చింది. గాసి అను వ్యక్తిని సంస్థ ఉద్యోగిగా క్రమబద్ధీకరించడమైనది. యాభై ఎనిమిదేళ్లు ఆరేళ్ల క్రితమే నిండినందున, అప్పుడే పదవీ విరమణ చేసినట్టు భావించడమైనది. రేకుల గది నెలలోగా ఖాళీ చేయవలెను. సన్మానసభకి ఒక శాలువా తెప్పించమని ఇండెంటు నాకే వచ్చింది. దాంతో పాటు ఇంకో కాగితం. ఒకే వస్తువు రెండు పుస్తకాల్లో ఉండకూడదు కనక, సి-41ని సామాన్ల పుస్తకంలోంచి తొలగించినట్టు స్టోర్ కీపరు ధ్రువీకరించాలి. నా సంతకం పడితే గాసి మనిషవుతాడు, అదే నిమిషంలో ఇంటికి పోతాడు. ఆ ఇల్లెక్కడుందో ఆర్డర్లో లేదు.

మధ్యాహ్నం గాసి స్టోరుకి వచ్చాడు. కౌంటరు అవతల నిలబడ్డాడు. ఎప్పటిలా కూచోమంటే కూచోలేదు.

"సాలువా ఇత్తారంట గదమ్మా."

"అవును గాసీ."

"సాలువా కప్పుకుని ఎటెల్తాను? కొండమీద తమ్ముడి కొడుకులు కాపీ తోట పంచేసుకున్నారు. అక్కడికెల్లి నాకో మూల ఇవ్వండని అడగనేను. ఆల్లు ఇచ్చినా, నా ఆడదానికి అక్కడ కూకోడానికి గుమ్మం నేదు."

 ఇదంతా తెచ్చిపెట్టిన ఉత్తరాలు రాసింది నేనే.

"మీరు నా కోసం రాసినారని సెప్పినారమ్మా, రాబిన్ బాబుగారు. మీ మనసు మంచిది. ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి." కౌంటరు మీదున్న కాగితం వైపు చూశాడు. చదవలేడు కానీ ఏ కాగితమో తెలుసు. "నన్ను మనిసిని సెయ్యకండి. ఆ పుస్తకంలోనే ఉండనీయండి. బీరువాని నీకు వయసెంతని ఎవులూ అడగరు గదా."

నాకు ఏడుపొచ్చింది. స్టోర్ కీపరు కౌంటరు దగ్గర ఏడిస్తే బాగుండదని లోపలికెళ్లి, ర్యాకుల మధ్య నిలబడి ఏడ్చాను. అతని మీద జాలితో కాదు, సిగ్గుతో. ఏడాది పాటు నేను ఎవరి కోసం కొట్లాడానో ఆ మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. భాను అడిగింది, నేనడగలేదు. నా ఆదివారం మనసు కుదుటపడటానికి అతని పొయ్యి ఆర్పబోయాను.

బయటికొచ్చి కాగితం తీసుకుని, తొలగించడమైనది అన్న చోట కొట్టేసి ఇలా రాశాను. సి-41 వాడుకలో ఉన్నది. బాగుగా పనిచేయుచున్నది. దీనికి బదులు వస్తువు మార్కెట్లో లభ్యం కాదు. కావున తొలగించుట వీలుపడదు. స్టోరు ముద్ర వేసి, పెద్దగా సంతకం పెట్టి, నేనే పట్టుకెళ్లి రాబిన్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఫ్లోరెన్స్ గారూ, అతను మనిషని ఏడాది పాటు మీరే కదా రాశారు. ఇప్పుడు వస్తువంటారా?"

"పొరపాటు పడ్డానండి" అన్నాను. "ఇప్పుడు సరిగ్గా చూశాను. వస్తువే."

ఆయన నా మొహంలోకి చూసి, కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నారు. నా ధ్రువీకరణ లేకుండా ఆర్డరు అమలు కాదు, ఆ రూలు పెట్టింది ఆయనే. గాసి రేకుల గది గాసికే ఉంది. శాలువా స్టోర్లోనే ఉంది, దానికీ నంబరు వేశాను. నా ఉద్యోగం మొత్తం మీద ఒక మనిషికి నేను నిజంగా చేసిన మేలు ఇదొక్కటే. అతను మనిషి కాడని నా చేత్తో రాసిచ్చాను.